కొంగు తిరగేయండి!

ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. వేదిక నిండా ‘పోచంపల్లి’ చీరలే! కొంగు తిరగేస్తే మాత్రం కొన్ని వెలవెలబోతాయి. మిల్లులో కొట్టిన అచ్చు కదా, రంగు పైవైపే! అసలు ఇక్కత్ అయితే ఆసు పోసి, నూలుకే ముందుగా కట్లు కట్టి, రంగులద్ది, ఆపైన మగ్గమెక్కిస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా పండుతుంది. ‘స్థానిక ఉత్పత్తులే కొనండి’ అని గంటసేపు దంచిన అయ్యగారికి ఈ గొడవెందుకు? దిగి వస్తూ నేతన్ననే నిలదీశారు: ‘ఇంత రేటేమిటయ్యా? ఆన్‌లైన్‌లో ఐదొందలకే వస్తుంటే!’

నేతన్న నోరెత్తలేదు. తనకు కప్పిన సన్మాన శాలువా పవర్‌లూమ్‌దని అప్పటికే తడిమి కనిపెట్టేశాడు మరి!