నన్ను ఒక్కసారి పైకి లాగి చూడండి

బానెట్ ఎత్తగానే పసుపుపచ్చ పిడితో కనబడే సన్నటి ఉక్కు పుల్లను నేను. డిప్‌స్టిక్ అంటారు. చివర రెండు గుర్తులుంటాయి. నూనె వాటి మధ్య ఉందో లేదో చెప్పడమే నా ఉద్యోగం. మా బండి 1248 సీసీ డీజిల్ స్విఫ్ట్. విజయవాడ వైపు అద్దెలకు తిరిగి, చేతులు మారి, పర్చూరు పక్క ఊళ్లో మిరప రైతు ఇంటికి చేరింది.

కొన్నరోజు ఆయన మీటరు చూసి మురిసిపోయాడు. నన్నెవరూ పలకరించలేదు. చాలా పాత బళ్లలో మీటరు చెప్పేది బండి ఎంత తిరిగిందని కాదు, మీటర్ని ఎక్కడికి తిప్పి వదిలారని. చిలకలూరిపేట మేస్త్రి మాత్రం ముందు నన్నే లాగి, నూనెను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"నల్లగా ఉందని కాదు బాబాయ్. డీజిల్ బండిలో కొత్త నూనైనా నాలుగు రోజులకే నల్లబడుద్ది, మసిని లాక్కోడానికేగా పోసేది. ఇది గరగరలాడతంది. ఎప్పుడు మార్చారో కాయితం ఉందా?"

లేదు.

"అయితే మార్చలేదనే అనుకో. ఇయ్యాలే దించేద్దాం, ఫిల్టరుతో సహా. లెక్క ఇక్కణ్ణించి మొదలు."

రైతు కొడుకు ఊరుకోలేదు. "పదివేల కిలోమీటర్లకో ఏడాదికో మారిస్తే చాలని కంపెనీ పుస్తకంలో ఉంది గదన్నా?"

ఉంది. దుమ్ములో తిరిగినా, దగ్గర దూరాలకే వాడినా, నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచినా ముందే మార్చమని అదే పుస్తకంలో ఇంకోచోట ఉంది. అది మా కోసమే రాసినట్టుంటుంది. పొద్దున్నే పుంతదారిలో పొలానికి రెండు కిలోమీటర్లు పోతాం. ఇంజను కాగేలోపే ఆపేస్తారు. లోపల పట్టిన చెమ్మ ఆవిరైపోక నూనెలోనే ఉండిపోతుంది. ఫిబ్రవరి వస్తే గుంటూరు మిర్చి యార్డు. టిక్కీలు, అంటే మిరప బస్తాలు, నింపిన లారీల వెనక ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఎదురుచూపు. చక్రం కదలదు, మీటరూ కదలదు. నేను మునిగున్న నూనె మాత్రం కాగుతూనే ఉంటుంది. పత్తి రోజుల్లో రేడియేటరు ముందు పట్టే దూది సంగతి వేరే చెప్పాలి.

నాకు అసలు భయం టర్బో గురించి. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని ఇరుసుకు ఈ నూనె పొరే ఆధారం. నూనె చెడి గొట్టాల్లో మడ్డి పేరుకుంటే ముందు పోయేది అదే. దానికయ్యే ఖర్చుతో మూడు లీటర్ల పైచిలుకు నూనె ఎన్నిసార్లు పోయొచ్చో మేస్త్రిని అడగండి.

చివరికి అయిదువేల కిలోమీటర్లకో ఆర్నెల్లకో, ఏది ముందైతే అదని తేల్చారు. రైతు దాన్ని తన లెక్కలోకి మార్చుకున్నాడు: సంక్రాంతికి ఒకసారి, తొలకరికి ఒకసారి. మధ్యలో వారానికోసారి చదునైన చోట ఇంజను ఆపి, అయిదు నిమిషాలాగి నన్ను తీస్తాడు. తుడిచి, మళ్లీ దించి చూస్తాడు. పై గుర్తు దాటినా మంచిది కాదని ఆయనకిప్పుడు తెలుసు. పాలు కలిసినట్టు తెల్లగా కనబడితే నీళ్లు చేరాయని, బండి తీయకూడదనీ తెలుసు.

2025లో మిర్చి ధర పడిపోయింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించిన ఏడాది అది. ఆయన టిక్కీలు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయాయి. తొలకరికి నూనె మార్పించకుండా దసరా దాకా లాగుదామన్నాడు. మేస్త్రి నన్ను లాగి ఆయన ముఖం ముందు పెట్టాడు.

"డబ్బులు సరుకు అమ్మినాక ఇద్దువుగానిలే బాబాయ్. ముందు బండి లోపల పెట్టు."