ఇల్లు మారి చూడు!

కరోనా కారణముగా 2020 మార్చి 25 మొదలు 21 దినములు ఎవరి యింట వారుండవలెనని దేశమంతటికిని ఆజ్ఞ వెలువడెను; కాని, ఆ నెలాఖరునకు పాతయిల్లు ఖాళీచేసి కొత్తయింట చేరుదునని మాటయిచ్చిన భాగ్యనగరపు అద్దెవాసికి, అందులో తన యిల్లేదియో మాత్రము ఎవ్వరును సెలవీయరైరి.

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు సవాలు చేసిన మన పెద్దలు ఇల్లు మారి చూడుమనకుండుట కేవలము భూతదయచేతనే.

నాడు తెలంగాణమున నివాసమునకు 3 కిలోమీటర్లు దాటి పోరాదను కట్టడి యుండెను. కొత్తయిల్లో, 4వ కిలోమీటరున నుండెను. కావున బీరువా, మంచము, తులసికోట, ధర్మపత్నీ సమేతుడై బయలుదేరిన ఆ గృహస్థును సరిహద్దున నిలిపిన రక్షకభటుడు "ఇంటికి పొండి!" అని గద్దించెను.

"ఏ యింటికి, నాయనా?" అని ఆయన సవినయముగా నడిగెను.

ఈ వేదాంతప్రశ్నకు లాఠీయే తడబడినది.

తుదకు, అత్యవసర వస్తువుల పట్టికలో చోటు సంపాదించిన పాలప్యాకెట్టొక్కటియే ముహూర్తము మీరకుండ, నిరాటంకముగా గృహప్రవేశము చేసెను. దానిని పొంగింపవలసిన దంపతులు మాత్రము నడివీథిని నిలిచి, తామే పొంగుచుండిరి.