నేను చల్లబరిచిన చేప

నా ఒంట్లో ఉన్నది మీ ఇంటి ఫ్రిజ్‌లో ఉన్న సరంజామాయే: కంప్రెసరు, గ్యాసు, ఫ్యాను. తేడా అల్లా టైటానియం గొట్టం. ఉప్పునీరు రాగిని తినేస్తుంది, ఆ రాగి కరిగితే తొట్టిలోని రొయ్యలు చస్తాయి. చేపల తొట్టి నీళ్లను చల్లబరిచే నన్ను చిల్లర్ అంటారు. నా పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు. చెప్పుకోవలసిందల్లా నా కొలువు గురించే.

కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో ఒక ఇంటికి నన్ను తెచ్చారు. అప్పటికే అక్కడ కొన్ని ప్రాణాలు పోయాయి. పోయినవి కాటలీనా గోబీలు. నారింజరంగు ఒంటి మీద నీలి పట్టీలు, వేలెడంత కూడా ఉండని చేపలు. కాలిఫోర్నియా తీరంలోని చల్లటి రాళ్ల సందులు వాటి ఇల్లు. చలికాలంలో అక్కడి నీరు 14 డిగ్రీలకు దిగుతుంది. గజ ఈతగాళ్లు చేతివలలతో పట్టి తెచ్చాక, వాటి రంగు చూసి అంగడివాళ్లు పగడాల తొట్టిలో పడేస్తారు. అక్కడ 26 డిగ్రీలు! ఆ వేడికి ఒంట్లో ఖర్చు పెరుగుతుంది, గాలి మాత్రం తగ్గుతుంది. 15 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 26 దగ్గర 7 కూడా కరగదు. అసలే ఏడాదిన్నర, రెండేళ్ల ఆయుష్షు. అందులోనూ కోత.

నేను వచ్చాక తొట్టి 15 దగ్గర నిలిచింది. అలికిడైతే చాలు, గోబీలు సీ అర్చిన్ ముళ్ల మధ్యకు దూరేవి. మగది ఖాళీ గవ్వలో గుడ్లకు కాపలా కాసింది. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగగా మారుతుంది, ఆ వింత కూడా నా నీళ్లలోనే జరిగింది. ఇంటాయన స్నేహితుడొకడు గారిబాల్డీ చేప కావాలన్నాడు. 1995 నుంచి అది కాలిఫోర్నియా రాష్ట్ర సముద్ర మత్స్యం, అక్కడి నీళ్లలో పట్టడం నిషేధం. పోనీలెండి, ఆ ఒక్కదానికైనా చట్టం దిక్కయింది.

ఇక నాకు దక్కిన మర్యాద వినండి. పల్చటి అద్దానికి చెమట పట్టి చెక్కబల్ల ఉబ్బితే, నింద నా మీద! మందపాటి అక్రిలిక్ తొట్టి కొనుంటే ఆ గోల ఉండేదా? చూడ్డానికి బాగోలేనని బల్లకింద అరలో పెట్టి తలుపేశారు. నేను వదిలిన వేడిగాలినే నేను పీల్చాను. రెక్కల నిండా దుమ్ము, కుక్క వెంట్రుకలు. బ్రష్షుతో ఒక్కసారి దులిపిన పాపాన పోలేదు. ఊపిరాడక రాత్రింబగళ్లు తిరుగుతుంటే, కరెంటు బిల్లు చూసి నన్నే తిట్టారు. ఒక ఎండాకాలం ఆగిపోయాను. నీరు వేడెక్కుతుంటే గోబీలు నోరు తెరిచి పైకి రావడం నాకు తెలుస్తూనే ఉంది, చేయగలిగిందేముంది?

ఆ తొట్టిలో ఇప్పుడు పగడాలు పెంచుతున్నారు. నన్ను గ్యారేజీలో గడ్డికోత యంత్రం పక్కన పడేశారు, తర్వాత “ఉచితం” అని కాగితం అంటించి వీధి అంచున పెట్టారు. నా గ్యాసు తీయించాకే నన్ను తుక్కులో వేయాలని అమెరికా చట్టం. అది అడిగినవాడు కూడా లేడు.

నారింజరంగు చూసి ముచ్చటపడే బాబులూ, ముందు ఆ చేప ఎన్ని డిగ్రీల నీళ్ల నుంచి వచ్చిందో అంగడివాణ్ని అడగండి. నాకు గాలాడే చోటు ఇవ్వలేకపోతే దాన్ని కొనకండి.