‘టీచర్, అయిపోయింది’: సటీకం, సతాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఒకటో తరగతికి పాఠం చెప్పే పని ఆయనకు పడలేదు కాబట్టి ఆ ఒట్టు నిలిచింది. నాకు ఆ సౌకర్యం లేదు.

నేను వ్యాఖ్యానించబోయే మూలం రెండే మాటలు. కవి పేరు తెలియదు, వయసు ఆరేళ్లకు అటూ ఇటూ. రచనాకాలం పొద్దున మొదటి పీరియడు. ప్రార్థన అయి, పేర్లు పిలిచి, బోర్డు మీద ‘అమ్మ’ అని రాసి, “పదిసార్లు రాయండర్రా” అని ఇటు తిరిగిన రెండో నిమిషం. అప్పుడు నా మొహం రెండో తరగతి వాళ్ల వైపు ఉంటుంది. రెండు తరగతులూ ఒకటే గది. వాళ్లకు ఆ గోడ బోర్డు, వీళ్లకు ఈ గోడ బోర్డు. ఏ వేళ చూసినా నా వీపు ఏదో ఒక తరగతికి పాఠం చెబుతూనే ఉంటుంది.

మూలం

టీచర్, అయిపోయింది.

పాఠాంతరాలు

శ్రీకాకుళం ప్రతుల్లో ‘అయిపోనాది టీచరు’ అని ఉంది. రాయలసీమ ప్రతుల్లో ‘అయిపాయ మేడం’. తెలంగాణ ప్రతుల్లో ‘ఒడిసింది సార్’; అన్నిటిలోకీ చెవికి ఇంపైన పాఠం ఇదేనని నా అభిప్రాయం. టై కట్టుకునే బళ్లలో ‘ఫినిష్ మిస్’ అనే పాఠం చెలామణిలో ఉంది. అర్థంలో భేదం లేదు. రాయడం అక్కడా అయిపోయి ఉండదు.

టీచర్

ఓ ఉపాధ్యాయినీ! సంబోధన. చివరి అచ్చును సాగదీసి ‘టీచా...ర్’ అని పలకాలి. దూరాన ఉన్నవాళ్లను పిలిచేటప్పుడు వాక్యంలో చివరి అచ్చు ప్లుతమవుతుందని, అంటే మూడు మాత్రల పొడవు సాగుతుందని పాణిని చెప్పాడు. ఆక్షేపణ: పిలిచే పిల్ల నా కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి ఉంది కదా, జానెడు దూరానికి ప్లుతం దేనికి? సమాధానం: ఆ సమయానికి నేను హాజరు యాప్ తెరుచుకోని ఫోనును కిటికీ దగ్గర పైకెత్తి సిగ్నల్ కోసం వెతుకుతుంటాను. అది దూరమే. సూత్రానికి భంగం లేదు.

ఛందస్సు లెక్కన ‘టీచర్’లో రెండక్షరాలూ గురువులే. విద్యాహక్కు చట్టం కూడా 60 మంది పిల్లల వరకు ఇద్దరు గురువులు ఉండాలంటుంది. మా రెండో గురువుగారు డిప్యుటేషన్ మీద వెళ్లారు. ప్రస్తుతం గణభంగం. ‘అయిపోయింది’లో స గణం, హ గణం సరిగ్గా పడ్డాయి కాబట్టి ఛందస్సు గురించి ఇంతకంటే అక్కర్లేదు.

అయిపోయింది

అసలు వ్యాఖ్య ఇక్కడ మొదలు. ‘అయింది’ అంటే చాలదా, ‘పోయింది’ దేనికి? పునరుక్తి దోషం కాదా? కాదు. ‘పోవు’ తెలుగువాడికి భగవంతుడిచ్చిన వరం. పగిలిపోయింది, చిరిగిపోయింది, మర్చిపోయాను, పడిపోయింది: ఈ మాటల్లో ఎక్కడా మన చెయ్యి ఉండదు. పని తనంతట తనే జరిగిపోతుంది, మనం పక్కన నిలబడి చూస్తాం. ‘వేయు’ చేరితే వేరు. ‘రాసేశాను’ అన్నవాడు తానే చేశానని రొమ్ము విరుచుకుంటున్నాడు, చూపించమంటే చూపించాలి. ‘అయిపోయింది’ అన్నవాడికి ఆ బాధ్యత లేదు. వాన కురిసింది, బస్సు వెళ్లిపోయింది, రాత అయిపోయింది. ‘గ్లాసు పగలగొట్టాను’ అన్న పిల్లను నేనింతవరకు చూడలేదు. ఒకటో తారీఖు దాటిన పది రోజులకు మా ఇంట్లోనూ ‘డబ్బులయిపోయాయి’ అంటారు తప్ప ఎవరు చేశారన్న మాట రానివ్వరు. కనుక ఆరేళ్లవాడిని ఒక్కడినే తప్పు పట్టకూడదు.

ఇక ఏది అయిపోయింది? వాక్యంలో కర్త లేదు. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని శాస్త్రం. కర్త కోసం ఆకాంక్ష మిగిలిపోయింది కాబట్టి బయటి నుంచి తెచ్చి అధ్యాహారం చేసుకోవాలి. ఎక్కడి నుంచి తేవాలన్నదే ఈ టీకకు ప్రాణం.

మొదటి అర్థం: రాయడం అయిపోయింది. పుస్తకం తీసి చూస్తిని. ఎడమ వైపు పై నుంచి కిందికి పది అ-లు. వాటి పక్కన పది మ-లు. ఆ పైన ఒత్తులు, ఒకే విడతలో. మా వీధి దర్జీ పది జాకెట్లకు ముందు చేతులన్నీ కుట్టి పడేసినట్టు. ఎనిమిదో అమ్మకు ఒత్తు లేదు. “దీని ఒత్తేదిరా?” అంటే “చోటు లేదు టీచర్” అన్నాడు. వాడన్నది నిజమే. తెలుగు ఒత్తు కిందికి దిగుతుంది, కింది వరసలో తలకట్టు పైకి లేస్తుంది, ఒంటి గీతల పుస్తకంలో ఇద్దరికీ ఒకే చోటు కావాలి. అందుకని ఇప్పుడు ఒక వరస వదిలి ఒక వరస రాయిస్తున్నాను. పుస్తకాలు తొందరగా నిండుతున్నాయని తల్లులు గొణుగుతున్నారు.

ఈ నిలువు రాతను మొదట్లో అడ్డంగా కొట్టేసేదాన్ని, ఇప్పుడు కొట్టెయ్యను. అ వేరు, మ వేరు, ఒత్తు వేరు అని నేను వారం రోజులు పాడిన పాట వాడు తనంతట కనిపెట్టాడు. కాకపోతే ఆ పేజీలో అమ్మను ఒక్కసారి కూడా రాయలేదు. అదొక్కటే లోపం.

ప్రాసంగికంగా రెండో తరగతి సంగతి. ఇరవై మూడు రాయమంటే 203 వేసి ‘అయిపోయింది’ అన్నాడొకడు. ఇరవై పెట్టాడు, పక్కన మూడు పెట్టాడు. చెవి చెప్పింది చెప్పినట్టు చెయ్యి రాసింది. వీడికి ఎర్ర పెన్నుతో పని లేదు, చీపురుపుల్లలతో ఉంది. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు రెండు, విడి పుల్లలు మూడు చేతిలో పెడితే, మూడోనాటికి వాడే సున్నాను చెరిపేశాడు. పధ్నాలుగు, పంతొమ్మిది దగ్గర మాత్రం కట్టలు కూడా ఆదుకోవు. ఆ మాటల్లో పది ఎక్కడ దాక్కుందో పెద్దవాళ్లకే వెతుక్కోవాలి.

రెండో అర్థం: పెన్సిలు అయిపోయింది. ముల్లు విరుగుతుంది, మెండర్‌లో పెట్టి తిప్పుతాడు, పువ్వు రేకులాంటి చెక్కు వస్తుంది, అది బాగుంటుంది, ఇంకా తిప్పుతాడు. సోమవారం జానెడున్నది బుధవారానికి వేలి గోరంత. ఇందులో వ్యాఖ్యానించడానికేమీ లేదు, నా బ్యాగులో పెన్సిళ్ల పెట్టె ఉంటుంది.

మూడో అర్థం: బలపం అయిపోయింది. ఇది రాతవల్ల అయిపోలేదు. పెదాలు చూడాలి, అంచుల్లో తెల్లగా ఉంటే కర్త దొరికినట్టే. ‘ఆకలేసిందా’ అంటే అడ్డంగా తల ఊపుతారు. బలపాలూ మట్టీ తినే పిల్లల్లో చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికొకటి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇందుకే. అన్నం తిన్నాక నా కళ్ల ముందే మింగిస్తాను. మింగినట్టు నోరు తెరిచి చూపించి, చెంపలో దాచుకున్న మాత్రను నీళ్ల కుళాయి దగ్గర ఉమ్మేసే మహానుభావుడొకడు ఉన్నాడు. ‘అయిపోయిందా?’ అని నేనడిగితే ‘అయిపోయింది’ అంటాడు. ఈ ప్రయోగంలో మాత్రం అపహ్నవం చెప్పుకోవాలి.

ఇక ఆక్షేపణ

పూర్వపక్షి అంటాడు: ఇన్ని తిప్పలెందుకు, ఏది అయిపోయిందో పిల్ల చేతే చెప్పించవచ్చు కదా? ఒక శిక్షణలో మాకు ఇదే నేర్పారు. పిల్లల చేత పూర్తి వాక్యాలు పలికించాలి, అప్పుడే భాష పెరుగుతుంది. బాగానే ఉందనిపించింది. వచ్చిన మర్నాటి నుంచి అమలు పెట్టాను. ‘నీళ్లు’ అంటే ఇవ్వలేదు, ‘నాకు నీళ్లు కావాలి టీచర్’ అంటేనే కుండ దగ్గరికి.

నాలుగో రోజున ఒక పిల్ల వచ్చి నిలబడింది. మాట్లాడని పిల్ల. రెండు కాళ్లూ మెలివేసుకుని, గౌను అంచు పిడికిట్లో పట్టుకుని, “టీచర్, అయిపో...” అంది.

“ఏది అయిపోయింది? పూర్తి వాక్యంలో చెప్పమ్మా.”

ఆలోచించింది. నా వంక చూసింది, నేల వంక చూసింది. తర్వాత ఒక్క తప్పు లేకుండా చెప్పింది. “నాకు పాస్ అయిపోయింది టీచర్.”

కర్త ఉంది, క్రియ ఉంది, సంబోధన కూడా మరవలేదు. ఒకటో తరగతిలో ఎవరినీ ఫెయిల్ చేయకూడదని చట్టం కూడా ఉంది కాబట్టి శ్లేష అని సరిపెట్టుకోవచ్చు. ఆ రోజు నాకు శ్లేష తోచలేదు. పిల్లలంతా కాళ్లు పైకెత్తి బల్లల మీద కూర్చున్నారు. ఆ పిల్ల మాత్రం నీళ్లలో నిలబడే ఉంది, చెప్పమన్నది చెప్పాను కదా ఇంకేం తప్పు చేశానన్నట్టు.

అప్పటి నుంచి బీరువాలో రిజిస్టర్ల కింది అరలో మూడు నిక్కర్లు, రెండు గౌన్లు ఉంటాయి. స్టాకు రిజిస్టరులో ఎక్కించలేదు. చిటికెన వేలు చూపిస్తే చాలు, అడగకుండా పరిగెత్తవచ్చని ఆ సాయంత్రమే చెప్పాను. పూర్తి వాక్యాలు కథలు చెప్పించేటప్పుడు పలికిస్తున్నాను. అదీ చాలా బాగా పలుకుతున్నారు.

సిద్ధాంతం ఏమిటంటే, ఈ వాక్యంలో కర్త పొరపాటున జారిపోలేదు. ఇంట్లో ‘అయిపోయింది’ అంటే తల్లి ఒక్క చూపుతో గిన్నె చూస్తుంది, గ్లాసు చూస్తుంది, లాగు చూస్తుంది, మిగతా వాక్యం తనే పూర్తి చేసుకుంటుంది. ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చారు. కర్త నిఘంటువులో దొరకదు, లేచి వెళ్లి చూడాలి. సన్నిధి అంటే మాటకు మాట దగ్గరగా ఉండటం అని శాస్త్రకారులు రాశారు, నేను దాన్ని కాస్త సాగదీసి చదువుకుంటున్నాను.

వ్యంగ్యార్థం

‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒక్క వాక్యమే వినేవాళ్లను బట్టి దొంగకు ఒకటిగా, పశువుల కాపరికి ఒకటిగా, ప్రియుడి కోసం చూసే ఆడదానికి ఒకటిగా తోస్తుందని అలంకారికులు ఉదాహరిస్తారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఈ ముచ్చట ఎత్తుకున్నాడు. మా వాక్యం దానికేమీ తీసిపోదు. పక్క పిల్ల చెవికి ‘నేనే ఫస్టు’ అని. వంట అక్క నోట పన్నెండున్నరకు ఇదే మాట వస్తే కూర అని, అప్పుడు రసం కరుణ. జూన్‌లో కొత్తగా చేరిన వాడి నోట అయితే వాచ్యార్థం ఏదైనా సరే, వ్యంగ్యం ఒక్కటే. వాడు పలక నా చేతిలో పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని, చెప్పుల వైపు చూస్తూ నిలబడతాడు. ఇక్కడ అధ్యాహారం చేసుకోవలసిన కర్త బడి.

తాత్పర్యం

పదిసార్లు రాయమన్న ‘అమ్మ’ను నిలువుగా రాసి, మధ్యలో బలపం విరిచి, విరిగిన ముక్క నోట్లో వేసుకుని, ఎనిమిదో వరసను ఉమ్మితో చెరిపి, పలకను తలకిందులుగా చూపించుచు, ఓ ఉపాధ్యాయినీ, నేనింటికి పోవచ్చునా అని శిష్యుడు అడుగుచున్నాడు. అప్పటికి టైము పది కూడా కాలేదని భావము.