క్రియ లేని పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
అమ్మ డబ్బ మాన్పి యావుపాల్ పట్టంగ
బుజ్జి కడుపు బిగిసె మూడు నాళ్ళు
తలుపు చాటు నిలిచి తాళలేకేడ్చెను
నీరు పండు రాగి నిమ్మళముగ

అవతారిక: ధర్మపురి అనగానే మనవాళ్ళకు గోదావరి ఒడ్డున నరసింహస్వామి, శేషప్ప కవి శతకం గుర్తొస్తాయి. ఇది ఆ ధర్మపురి కాదు. 1965లో సేలం నుంచి విడివడి జిల్లా అయిన తమిళనాటి ధర్మపురి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్న ఊరు. అలాంటి ఒక ఇంట్లో ఏడాదిన్నర మనవడి అవస్థ చూసి వాడి తాత, అనగా నేను, క్యాలెండరు కాగితం వెనక ఈ పద్యం గిలికాను. కవీ వ్యాఖ్యాతా ఒకడే గనక కవిహృదయం గురించి పేచీ లేదు. మిగతా అన్నిటి గురించీ ఇంటిల్లిపాదికీ ఉంది.

డబ్బ = డబ్బా పాలు. ఛందస్సు కోసం దీర్ఘం తగ్గింది, అంగట్లో ధర తగ్గలేదు. మాన్పి = ఒక్క రాత్రిలో మాన్పి. ఒక్కో సీసా చొప్పున వారం పదిరోజుల్లో నెమ్మదిగా మార్చాల్సింది. డబ్బా అడుగంటిందని ఆదివారం రాత్రి మానేసి, సోమవారం పొద్దున్నే ఆవిన్ పాల ప్యాకెట్ మూల కత్తిరించారు. ఆవుపాల మాంసకృత్తుల్లో ఐదింట నాలుగు పాళ్ళు కేసిన్, పొట్టలో పడగానే గడ్డకట్టే రకం. చాలా డబ్బాల్లో ఆ కేసిన్ తగ్గించి, విరిగిన పాల తేటలో ఉండే మాంసకృత్తులు ఎక్కువ కలుపుతారు. పిల్లవాడికి రంగు ఒకటే, పొట్టకు కాదు.

పట్టంగ = పట్టగా. ఎంత పట్టగా? కవి చెప్పలేదు. వ్యాఖ్యాత వంటింట్లోకి పోయి లెక్కవేశాడు. లేవగానే 240 మి.లీ., నీళ్ళు పోసే ముందు 240, మధ్యాహ్నం 240, పడుకోబోతూ 240. వెరసి 960. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400 నుంచి 500 దాకా చాలు. "అన్నం తినలేదు కదా, పాలైనా తాగనీండి" అని అవ్వ. పాలు తాగాడు గనకే అన్నం తినలేదని తాత. ఇది తర్కశాస్త్రంలో చెప్పిన అన్యోన్యాశ్రయ దోషమే. పాలలో పీచు లేదు, ఇనుము కూడా లేనట్టే. పాలతోనే పొట్ట నింపితే విరేచనం బిగియడంతో పాటు ఒంట్లో రక్తమూ తగ్గుతుంది. అందుచేత పద్యంలో నిందించదగిన పదం 'ఆవు' కాదు, కవి మింగేసిన ఆ అంకె.

తలుపు చాటు: పద్యానికి ప్రాణం ఈ పాదమే. స్వభావోక్తి అలంకారం. పిల్లవాడు మునివేళ్ళ మీద లేచి, తొడలు బిగబట్టి, తలుపు గడియ పట్టుకుని ఎర్రగా కందిపోతాడు. ముక్కుతున్నాడని అందరూ అనుకున్నాం. కాదు, ఆపుకుంటున్నాడు. ఒకసారి నొప్పి పుట్టింది, మళ్ళీ ఎందుకు పోవాలి? ఆపిన కొద్దీ పెద్దపేగు నీరు పీల్చేస్తుంది, మలం రాయవుతుంది, ఈసారి ఇంకా నొప్పి.

పూర్వపక్షం: ఎదురింటి పాటి (తమిళ ముసలమ్మ) మలద్వారంలో పెట్టడానికి తమలపాకు కాడ ఆముదంలో ముంచి తెచ్చింది. అవ్వ అప్పటికే చీర కొంగు బిగించింది. ఖండన: కాడతో ఈ పూట గడుస్తుందేమో, వాడి భయం మాత్రం రెట్టింపవుతుంది. లేత చర్మం చీలితే మరీ చేటు. ఆముదం తాగించడమూ వద్దు. మలంలో రక్తం, ఉబ్బిన పొట్ట, వాంతి, జ్వరం వీటిలో ఏది కనిపించినా, రెండు వారాలైనా దారికి రాకపోయినా పిల్లల డాక్టరే దిక్కు. మలం మెత్తబరిచే మందు ఆయన రాసిస్తాడు.

నా అల్లుడు మరో భాష్యం ఎత్తుకున్నాడు. 1998లో ఇటలీ వైద్యులు మొండి మలబద్ధకం ఉన్న 65 మంది పిల్లలకు ఆవుపాలు ఆపి సోయాపాలు ఇస్తే 44 మందికి సులువైందట. నిజమే. కానీ వాళ్ళు మందులకు లొంగక పెద్ద డాక్టర్ల దాకా వెళ్ళిన పిల్లలు. మూడు రోజుల మన కేసుకు ఆ ప్రమాణం చెల్లదు.

నీరు: ఈ జిల్లా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. 2013లో మొదలైన హొగేనకల్ పథకంతో కావేరి కుళాయికి వచ్చింది. ఆ నీళ్ళే కాచి చల్లార్చి చిన్న గ్లాసుతో గుటకలు గుటకలుగా పట్టాలి. పండు: పూర్వం మా ఊరి పేరు తగడూరు. అదియమాన్ రాజు ఆయువు పెంచే ఉసిరిపండు తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడని తమిళుల కథ. ఆనాడు అవ్వకు పండిచ్చిన ఊళ్ళో ఈనాడు అవ్వే పండివ్వాలి: మాగిన బొప్పాయి, రాత్రి నానబెట్టి మెదిపిన నల్ల ఎండుద్రాక్ష. గింజలు తియ్యాలి, గుండుగా పెట్టకూడదు. రాగి: మా వైపు కొరత లేదు. అయితే పిల్లలకని పిండిని పలుచటి గుడ్డలో జల్లిస్తే పొట్టుతో పాటు పీచూ పోతుంది. జల్లించకండి.

ఇక పెద్ద ఆక్షేపణ. నాలుగో పాదంలో క్రియ లేదు. 'ఇవ్వవలెను' అని అధ్యాహారం చేసుకోవాలి. క్రియ లేకపోవడమే కదా ఇంట్లో అసలు గొడవ, కనుక ఔచిత్యమే అని కవి వాదన. అవ్వ ఒప్పుకోలేదు.

పాలు రెండు గ్లాసులకు దించాం. అన్నం తిన్న పది నిమిషాలకు పేగు కదులుతుందని, అవ్వ పెరట్లో కాళ్ళు చాపి తన పాదాల మీద వాణ్ణి గొంతుక్కూచోబెట్టి కాకిని చూపించేది. రెండ్రోజులు కాకి మాత్రమే వచ్చింది. మూడోరోజు వాడే వచ్చి కొంగు లాగి "అవ్వా, ఆయి" అన్నాడు. ('కక్క' అని పాఠాంతరం. వీధి భాష గెలిచింది.)

క్రియ సమాప్తం. వ్యాఖ్యాతను చెంబుతో నీళ్ళు తెమ్మని కేకేశారు.