సూర వేటకు తలకిందుల సలహాలు

సగం ఖాళీ బోటుతో ఒడ్డుకు రండి. వేట తెలిసిన ఎవరికైనా ఇది తెలివితక్కువ మాటే. డీజిలు పోసి, ఐసు నింపి, కళాసీలను వెంటబెట్టుకుని వెళ్లేది బోటు నిండాలనే కదా. అయినా నా మొదటి సలహా ఇదే. ట్యూనా అని లోకమంతా పిలిచే ఈ సూర చేపల వేట ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 50 లక్షల టన్నులు. ఆ వ్యాపారం మన పిల్లల కాలానికీ మిగలాలంటే, ఇంతకాలం మంచివనుకున్న సలహాలను తిరగేయక తప్పదు.

చాలా చేపల ఒళ్లు నీటితో సమానంగా చల్లగా ఉంటుంది. సూర కండ నీటికంటే వెచ్చన. గాలానికి పడి ఎక్కువసేపు పెనుగులాడితే ఆ వేడి ఇంకా పెరిగి ఎర్రటి మాంసం పాలిపోతుంది, మెత్తబడుతుంది, రుచి పులుపెక్కుతుంది. ఆపైన ఐసు చాలకపోతే హిస్టమిన్ పుడుతుంది. అది ఉడికించినా పోదు. యూరప్, అమెరికా పరీక్షల్లో పరిమితి దాటితే సరుకు వెనక్కి వస్తుంది. అందుకే చేప పైకి రాగానే మెదడులో పొడిచి చంపండి, రక్తం కార్చండి, మొప్పలూ పేగులూ తీసి ఐసు నీళ్లలో ముంచండి. ఈ పని చేస్తుండగా పక్కనే ఇంకో రెండు చేపలు తప్పిపోవచ్చు. పోనివ్వండి. టోక్యోలోని టొయోసు మార్కెట్‌లో కొనేవాళ్లు తోక దగ్గర కోసిన చోట టార్చిలైటు వేసి రంగూ కొవ్వూ చూసి ఒక్కో చేపకు విడిగా ధర కడతారు. 2019 జనవరిలో అక్కడ 278 కిలోల బ్లూఫిన్ సూర 33.36 కోట్ల యెన్‌లు పలికింది. అది కొత్త సంవత్సరం తొలి వేలం, పేరు కోసం పెట్టిన ధర, దాన్ని చూసి ఆశపడొద్దు. కానీ మిగతా రోజుల్లోనూ మంచి చేపకూ నలిగిన చేపకూ మధ్య తేడా చాలా పెద్దది.

రెండో సలహా ఇంకా ఎదురీత: కోటా తగ్గించమని మీరే అడగండి. తూర్పు అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో బ్లూఫిన్ కోటాను 2009లో ఉన్న 22,000 టన్నుల నుంచి 2010కి 13,500కు కోసేశారు. వేటగాళ్లకు అది కడుపు మీద దెబ్బే. ఆ కష్టాన్ని నేను తేలిక చేయను. అయితే మందలు కోలుకున్నాయి, 2023కి కోటా 40,570 టన్నులైంది. 2011లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చిన ఈ చేపను 2021లో అందులోంచి తీశారు. అట్లాంటిక్ పడమటి మంద మాత్రం ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

చేపలున్న దేశానికి నా సలహా: చేపల్ని అమ్మకండి, రోజుల్ని అమ్మండి. కిరిబాటి, తువాలు, నౌరు, పపువా న్యూగినీ సహా ఎనిమిది పసిఫిక్ దేశాలు 2007 నుంచి చేస్తున్నది ఇదే. ఏ పెద్ద వల ఓడైనా తమ జలాల్లో వేటాడాలంటే రోజుకింత అని కట్టాలి. ఆ రోజులకు మొత్తం మీద హద్దు ఉంది, రోజుకు కనీస ధర 8,000 డాలర్ల దాకా వెళ్లింది. 2010లో ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్లుగా ఉన్న ఆదాయం పదేళ్లు తిరక్కుండానే 50 కోట్ల దరిదాపుల్లోకి చేరింది. విడివిడిగా బేరమాడినంత కాలం ఈ చిన్న దేశాలను విదేశీ ఓడలు ఒకదానిమీదికి ఒకదాన్ని ఎగదోసేవి. ఎల్‌నినో వచ్చి నామాల సూర (స్కిప్‌జాక్) మందలు తూర్పుకు జరిగిన ఏడాది, ఒక దేశం తన రోజుల్ని ఇంకో దేశానికి ఇచ్చుకోవచ్చు. సముద్రం వేడెక్కే కొద్దీ ఆ మందలు శాశ్వతంగా తూర్పుకు తరలే ముప్పుంది కాబట్టి ఈ సర్దుబాటు ముందుముందు ప్రాణాధారం. ఈ ఏర్పాటుకు నేను మనసారా దండం పెడతాను.

చేప ఎక్కడుందో చెప్పే యంత్రాలనూ తగ్గించుకోమంటాను. పెద్ద ఓడలు సముద్రంలో వదిలే తేలుడు తెప్పలకు ఉపగ్రహానికి కబురు పంపే బోయాలుంటాయి. కింద ఎన్ని చేపలు చేరాయో అవే చెబుతాయి. ఆ నీడన నామాల సూరతో పాటు రెక్కసూర (యెల్లోఫిన్) పిల్లలూ గుమిగూడి, గుడ్డు పెట్టే వయసు రాకముందే వలలో పడతాయి. హిందూ మహాసముద్రంలో రెక్కసూరను మితిమీరి పట్టేశారని 2015లో తేలింది. కోతలు పెట్టాక, 2024 అంచనాలో గానీ పరిస్థితి మెరుగుపడలేదు. మాల్దీవుల వాళ్లు సూరకు వల వేయకుండా కర్రా గాలంతో ఒక్కొక్కటిగా పట్టి అదే సముద్రంలో బతుకుతున్నారు.

పంజరాల్లో బ్లూఫిన్‌ను మేపితే సముద్రానికి భారం తగ్గుతుందనే సలహాను నమ్మకండి. అది కిలో పెరగడానికి పది కిలోలకు పైగా చిన్న చేపను తింటుంది.

మన పూడిమడక, విశాఖ వేటగాళ్లు చిన్న తెప్పల మీద పోయి గాలంతోనే రెక్కసూర పడుతున్నారు. పద్ధతి మంచిదే, నష్టమంతా ఆ తర్వాత, ఐసు దగ్గర జరుగుతోంది. బరువు చూసే డబ్బిస్తే ఏ వేటగాడూ సగం బోటుతో తిరిగి రాడు. హార్బర్‌లో సూర కొనే షావుకార్లకు నా విన్నపం ఒకటే: చేప కోసి రంగు చూడండి, బాగా చల్లబరిచి తెచ్చిన చేపకు ఎక్కువ ధర కట్టండి.