బ్లాకు పగల్లేదు: ఒక అంబాసిడర్ ఇంజను ఆత్మకథ

తార్నాకలో ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో, రెండు అరిగిపోయిన టైర్ల మీద నన్ను కూర్చోబెట్టారు. నేను 1972 నాటి అంబాసిడర్ మార్క్ టూ కారు ఇంజన్ని. నా వెనక నా గేర్‌బాక్సు ఇంకా బిగించే ఉంది. మమ్మల్ని విడదీసే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

మా వంశం చిన్నది కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డే మన దేశానికొచ్చి అంబాసిడర్ అయింది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారును మొదట పరుగెత్తించింది కూడా మా బీ సిరీస్ 1489 సీసీ ఇంజనే. నేను మాత్రం బెంగాల్లో, ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టుక సంగతి అంతే. నా బతుకంతా ఉస్మానియా యూనివర్సిటీలో గడిచింది.

బండి యజమాని మా ప్రొఫెసరు గారు అక్కడి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి భవనం ఎదుట, చెట్టునీడ చూసి మరీ నన్ను ఆపేవారు. సెలవులకు ఊళ్లకు వెళ్లే హాస్టలు పిల్లల్ని ట్రంకుపెట్టెలతో సహా సికింద్రాబాద్ స్టేషనుకు చేర్చేవాళ్లం. మా గేర్‌బాక్సుకు ఒక పట్టింపు ఉంది. బండి పూర్తిగా ఆగకముందే ఫస్టు గేరు వేస్తే పళ్లు గరగరలాడతాయి. స్టీరింగు పక్కనుండే ఆ గేరు రాడ్డును ఆయన ఎన్నడూ తొందరపెట్టలేదు. ఆదివారం పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, ఆయిలు చూసేవారు. ఆ చేతి శ్రద్ధ వల్లే నేను అన్నేళ్లు పనిచేశాను.

ఆయన పోయాక బండి అబ్బాయిగారి చేతికొచ్చింది. రేడియేటరు మూత తీసి చూసినవాళ్లు లేరు. ఆయిలు నల్లబడి, జిగురుపట్టి, చివరికి మాడిపోయినా అడిగినవాళ్లు లేరు. ఒక మే నెల మధ్యాహ్నం తార్నాక సిగ్నల్ దగ్గర నీళ్లు దాదాపు ఇంకిపోయాయి. బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగజిమ్ముతున్నా, ఇల్లు దగ్గరే కదా అని అలాగే నడిపించారు. హెడ్ గాస్కెట్ పోయింది. నీళ్లు కలిసిన నా ఆయిలు పాలు పోసిన టీలా తయారైంది.

"ఇంజన్ ఖతమైంది సార్. ఇసుజుది ఏద్దాం, అయిదు గేర్లస్తయ్, పికప్ మస్తుంటది" అన్నాడు మెకానిక్. ఇసుజు మీద నాకు కోపం లేదు. 1817 సీసీ, బలమైనది. అంబాసిడర్ కంపెనీయే తొంభైలలో దాన్ని ఆ కార్లలో బిగించింది కాబట్టి నా చోట్లో అది ఇమిడిపోతుంది. నా బాధ వేరు. హెడ్డు విప్పి చూడకుండానే నేను చచ్చిపోయానన్నారు. బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే తిరిగేదాన్ని.

చైన్ పుల్లీతో నన్ను పైకి లేపి, నా చోట ఇసుజును దింపారు. కొత్త గేరు రాడ్డు కోసం కారు నేలకు రంధ్రం కోశారు. ప్రొపెల్లర్ షాఫ్టును లేత్ మీద కోసి, అతికించి, పొడవు సరిచేశారు. ఇన్ని చేసినవాళ్లు బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. అంత వేగాన్ని ఆపాల్సింది ఇప్పటికీ నా కాలపు డ్రమ్ములే. ఆ కారు గేటు దాటినప్పుడల్లా నాకు భయం.

నా ఒంటి మీద చెక్కిన నంబరు ఇంకా ఆర్సీలో అలాగే ఉంది. ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. ఎవరూ ఆ ఆఫీసు మెట్లెక్కలేదు. 2021లో కేంద్రం ఇంకో నియమం తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. మా కారుకు 2022లో యాభై నిండాయి. ఆ గౌరవానికి అడ్డు నేను లేకపోవడం, కారు నేలకు కోసిన ఆ రంధ్రం.

పాత ఇనుము వాళ్లు రెండుసార్లు వచ్చి నన్ను తట్టి చూసి పోయారు. తూకానికి పోవడం కన్నా ఏ ఇంజనీరింగు కాలేజీలోనో సగానికి కోసి పిల్లలకు నా సిలిండర్లు చూపించినా సంతోషిస్తాను. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. నాలాంటివి ఇక రావు.

ఇంజను మార్చుకోవద్దని నేననను. ముందు ఒకసారి విప్పించి చూడండి. తీసిందాన్ని మాత్రం పారేయకండి. ప్లగ్గులు విప్పి, రంధ్రాల్లో కాస్త ఆయిలు పోసి, మళ్లీ బిగించి, వానపడని చోట దాచండి. నా బ్లాకు పగల్లేదు, ఇప్పటికైనా బోరు చేయిస్తే నడుస్తాను.